హాజరు పూర్తి, అసైన్‌మెంట్లు సున్నా: కరోనా నాటి ఆన్‌లైన్ చదువుపై ఒక కౌన్సెలింగ్ కేసు

కరోనా కాలంలో యూనివర్సిటీ విద్యార్థుల కౌన్సెలింగ్‌లో నేను ఎక్కువగా విన్న మాట "ఆన్‌లైన్ క్లాసు బుర్రకెక్కడం లేదు" అన్నది. ఆ మాట వినగానే మనకు మూడు కారణాలు తడతాయి: ఏకాగ్రత లేదు, ఆసక్తి తగ్గింది, నెట్ సరిగా రావడం లేదు. ఆ మూడింటికీ చేయదగినది చేసి చూసినా సమస్య కదలని కేసు ఇది. చివరికి అది ఎక్కడ కదిలిందో, ఎందుకు అక్కడే కదిలిందో తోటి కౌన్సెలర్లకూ, అధ్యాపకులకూ పనికొస్తుందని రాస్తున్నాను.

విద్యార్థిని అనుమతి తీసుకున్నాను. ఆమె చదివే సబ్జెక్టు, కుటుంబ వివరాలు, కొన్ని సందర్భాలు మార్చాను. మార్చినవేవీ మేం తీసుకున్న నిర్ణయాల వెనకున్న తర్కాన్ని మార్చేవి కావు.

నేపథ్యం

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. యునెస్కో లెక్క ప్రకారం ఆ వసంతంలో ప్రపంచవ్యాప్తంగా 150 కోట్లకు పైగా విద్యార్థులు తరగతి గదులకు దూరమయ్యారు. యూనివర్సిటీలు రోజుల వ్యవధిలో వీడియో క్లాసులకు మారాయి. నెలల తరబడి ప్లాన్ చేసుకుని నడిపే ఆన్‌లైన్ కోర్సు వేరు, విపత్తులో రాత్రికి రాత్రి మొదలుపెట్టిన పాఠం వేరు అని విద్యా పరిశోధకుడు చార్లెస్ హాడ్జెస్, ఆయన సహచరులు ఆ మార్చి నెలలోనే రాశారు. రెండో దానికి 'అత్యవసర దూరబోధన' అని వేరే పేరే పెట్టారు. ఈ తేడా గుర్తుంచుకోవాలి. మా దగ్గరకు వచ్చిన విద్యార్థుల్లో చాలామంది ఆన్‌లైన్ చదువులో ఫెయిలవుతున్నామని అనుకున్నారు. నిజానికి వాళ్లకు అందుతున్నది గదిలో చెప్పాల్సిన పాఠం, కెమెరా ముందు చెబుతున్నది.

ఈ విద్యార్థిని డిగ్రీ రెండో సంవత్సరంలో ఉంది. లెక్కలు ఎక్కువగా ఉండే సైన్స్ కోర్సు. మొదటి సంవత్సరం మార్కులు బాగున్నాయి, ఒక్క సబ్జెక్టు కూడా మిగల్లేదు. హాస్టల్ మూతపడటంతో ఇంటికి వెళ్లింది. అక్కడ ఒక గదిని ఇంకొకరితో పంచుకుంటోంది. ల్యాప్‌టాప్ ఉంది కానీ నెట్ మాత్రం ఫోన్ డేటా మీదే. మా దగ్గరకు వచ్చేసరికి ఆన్‌లైన్‌లో రెండో సెమిస్టర్ నడుస్తోంది.

పంపింది ఒక సబ్జెక్టు అధ్యాపకుడు. ఆయన రాసిన నోట్ చిన్నది: లాగిన్ ప్రకారం హాజరు పూర్తిగా ఉంది, కెమెరా ఎప్పుడూ ఆఫ్, కొన్ని వారాలుగా అసైన్‌మెంట్ ఒక్కటీ రాలేదు, మిడ్ పరీక్షలో లాగిన్ అయి కొద్దిసేపటికే బయటికి వెళ్లిపోయింది, 'చదువు మీద ఆసక్తి తగ్గినట్టుంది.'

ఆ చివరి వాక్యాన్ని కేసు ఫైల్‌లోకి కారణంగా ఎక్కించలేదు. అది చూసినవారి అంచనా. హాజరు, అసైన్‌మెంట్, పరీక్ష గురించినవి మాత్రం చూసిన విషయాలు. పైగా అవి ఆ అంచనాతో సరిపడటం లేదు. ఆసక్తి పోయినవాళ్లు ముందు మానేసేది హాజరునే. ఈమె ఒక్క క్లాసూ వదల్లేదు.

ఆమె చెప్పింది

మొదటి సంభాషణ ఫోన్‌లో జరిగింది. వీడియో వద్దని ఆమే అడిగింది, మేం ఒప్పుకున్నాం. ఫోన్ కౌన్సెలింగ్‌లో పక్కన ఎవరున్నారో మనకు కనిపించదు. కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇప్పుడు ఒక్కదానివే ఉన్నావా? కాకపోతే అవును, కాదు అని మాత్రం చెప్పు చాలు." ఎవరైనా గదిలోకి వస్తే ఆమె "అసైన్‌మెంట్ డేట్ కనుక్కుంటాను మేడం" అనాలని, అది వినగానే నేను మాట మార్చాలని అనుకున్నాం. ఇంటి నుంచి మాట్లాడే విద్యార్థులందరితో ఇలాంటి ఏర్పాటు ముందే చేసుకోవడం మంచిది. ఎవరో వింటున్నారన్న భయంతో వచ్చే జవాబులను బట్టి ఏ నిర్ధారణకూ రాలేం.

"క్లాసులో కూర్చుంటున్నాను మేడం. అన్నీ వింటున్నాను. అయిపోయాక ఏం చెప్పారని ఎవరైనా అడిగితే నాకేం గుర్తుండదు," అంది. తర్వాత ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. మిగతావాళ్లందరికీ అర్థమవుతోందని, తనకొక్కదానికే కావడం లేదని అనుకుంటోంది. క్లాస్ గ్రూపులో మెసేజ్‌లు కుప్పలుగా వస్తుంటే తెరవడానికే టెన్షన్. అర్ధరాత్రి దాటాక ఇల్లు సద్దుమణిగితే రికార్డింగ్‌లు చూస్తోంది, తెల్లవారుజామున పడుకుంటోంది. పరీక్షలో కెమెరా నిఘా పెట్టారు, గదిలోకి ఎవరైనా వస్తే కాపీ కొట్టినట్టు లెక్కేస్తారేమో, మధ్యలో నెట్ పోతే సున్నా వేస్తారేమో అన్న భయం. ల్యాబ్ చేయకుండానే పాసైతే రేపు ఎవరైనా ఈ డిగ్రీని నమ్ముతారా అన్న ప్రశ్న.

ఇంత కలగలిసిన ఫిర్యాదులో ముందు తేల్చాల్సింది ప్రమాదం. డిప్రెషన్ లక్షణాలను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి చేయించాం. తొమ్మిది ప్రశ్నలు, 27కు స్కోరు. 10 నుంచి 14 వస్తే మధ్యస్థ స్థాయి డిప్రెషన్ లక్షణాలుగా చూస్తాం. ఆమె స్కోరు ఆ పరిధిలో పడింది. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి. దానికి ఆమె జవాబు 'లేదు'. అయినా ఆ ప్రశ్నను కాగితం మీద వదిలేయకుండా నోటితో నేరుగా అడిగాను, ఇంట్లో భద్రంగా ఉందా అని కూడా అడిగాను. రెండిటికీ సూటిగా, తడబాటు లేకుండా చెప్పింది. స్కోరును మాత్రం రోగ నిర్ధారణగా తీసుకోలేదు. నిద్ర, అలసట, ఏకాగ్రత గురించిన ప్రశ్నలు అందులోనే ఉన్నాయి. తెల్లవారేదాకా రికార్డింగ్‌లు చూసే మనిషికి ఆ మూడు ప్రశ్నల్లోనే స్కోరు పెరుగుతుంది. డిప్రెషన్ వల్ల చదువు ఆగిందా, చదువు ఆగడం వల్ల మనసు కుంగిందా అన్నది అప్పటికి తెరిచి ఉంచి, కొన్ని వారాల తర్వాత మళ్లీ స్కోర్ చూద్దామని, ఆలోపు పెరిగితే సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపుదామని నిర్ణయించాం.

మొదట చేసినవి, అవి ఆగిపోయిన చోటు

రోజువారీ టైమ్‌టేబుల్‌తో మొదలుపెట్టాం. కారణం సూటిది: నిద్ర చెడితే ఏ జోక్యమూ నిలవదు. పడుకునే వేళ, లేచే వేళ, పగలు రెండు చదువు గంటలు, ఆ సమయంలో ఫోన్ వేరే గదిలో. ఆమె పాటించింది. రెండు చదువు గంటల్లోనూ బల్ల ముందే కూర్చుంది. అసైన్‌మెంట్ మాత్రం ఒక్కటీ రాలేదు.

ఇది మాకు చాలా విలువైన సమాచారం. క్రమశిక్షణే సమస్య అయితే టైమ్‌టేబుల్ మొదటి వారంలోనే కూలిపోవాలి. ఇక్కడ టైమ్‌టేబుల్ నిలబడింది, పని జరగలేదు. అంటే కుర్చీలో కూర్చోవడానికీ, పెన్ను కదలడానికీ మధ్య ఇంకేదో అడ్డు ఉంది.

ఇంతలో డిపార్ట్‌మెంట్ విద్యార్థులందరినీ కెమెరా ఆన్ చేయమంది. విద్యార్థుల ముఖాలు కనిపించక నల్లటి పెట్టెలతో మాట్లాడాల్సి వస్తోందన్న అధ్యాపకుల బాధ నిజమే. పాఠం చెప్పేవాడికి ఎదుటి ముఖమే సూచిక. కానీ ఈమె విషయంలో కెమెరా ఆన్ చేశాక క్లాసు ఇంకా తక్కువ బుర్రకెక్కింది. తెర మీద తన ముఖాన్నే చూసుకుంటోంది, వెనక ఎవరు నడుస్తున్నారో గమనిస్తోంది, ఫ్రేమ్ దాటకుండా కదలకుండా కూర్చుంటోంది. వీడియో మీటింగ్‌లు ఎందుకు అలసట తెస్తాయో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు జెరెమీ బైలెన్సన్ 2021లో వివరించినప్పుడు చెప్పిన కారణాల్లో ఇవీ ఉన్నాయి: మనల్ని మనం అద్దంలోలా అదే పనిగా చూసుకోవడం, కదలికలు తగ్గిపోవడం, అన్ని ముఖాలూ మరీ దగ్గరగా మనవైపే చూస్తున్నట్టుండటం. కెమెరా తప్పనిసరి చేస్తే అధ్యాపకుడికి ముఖం కనిపిస్తుంది, కానీ ఆ ముఖం పాఠం వింటున్న ముఖం కాకపోవచ్చు. డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడి ఈమెకు మినహాయింపు తీసుకున్నాం.

తర్వాతిది రికార్డింగ్. లైవ్ క్లాసు పట్టుబడకపోతే నిదానంగా మళ్లీ చూడొచ్చు కదా అన్నది అందరూ ఇచ్చే సలహా, మేమూ ఇచ్చాం. ఆమె చూస్తున్న పద్ధతి ఏమిటో అడిగితే తెలిసింది: ప్రతి వాక్యం దగ్గరా ఆపి, స్లైడ్ మొత్తం నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తోంది. గంట క్లాసుకు పూటంతా పడుతోంది. నోట్స్ అందంగా ఉన్నాయి. చూడని రికార్డింగ్‌ల జాబితా మాత్రం వారం వారం పెరుగుతోంది, అప్పులా.

మళ్లీ మళ్లీ చూడటం వల్ల వచ్చింది అనిపిస్తుంది, కానీ నిలవదు. మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగం ఇదే చూపింది. పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లు వారం తర్వాతి పరీక్షలో ముందున్నారు. మా విద్యార్థిని చేస్తున్నదంతా మొదటి రకం. రికార్డింగ్ ఆమెకు చదువుతున్నానన్న తృప్తినిచ్చి, చదివిందో లేదో తేల్చుకునే పనిని వాయిదా వేస్తోంది.

గడువు పొడిగింపులు కూడా అడిగి ఇప్పించాం. మూడు సబ్జెక్టుల్లో అధ్యాపకులు వెంటనే ఒప్పుకున్నారు. ఫలితం ఉల్టా అయ్యింది. "ఇంత టైమిచ్చాక మామూలుగా రాసి పంపితే ఏమనుకుంటారు మేడం," అంది. పొడిగించిన కొద్దీ ఆమె రాయాల్సిన జవాబు స్థాయి పెరుగుతూ పోయింది, చేయి ముందుకు రాలేదు.

మలుపు

అప్పటిదాకా మేం 'ఆన్‌లైన్ క్లాసులు' అని అన్నిటినీ ఒకే ముద్దగా మాట్లాడుకుంటున్నాం. ఆ ముద్దను విడదీద్దామని ఆమె చదువుతున్న సబ్జెక్టులన్నీ ఒక కాగితం మీద వరుసగా రాయమన్నాను. ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న: "ఈ రెండు వారాల్లో ఈ సబ్జెక్టులో నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పు. అది తప్పని నీకు ఎవరు చెప్పారు?"

దాదాపు అన్ని సబ్జెక్టుల పక్కనా ఖాళీ. తప్పు చేయలేదని కాదు, అసలేదీ చేయలేదు, చేసినా ఎవరూ చూడలేదు.

ఒక్క సబ్జెక్టు దగ్గర మాత్రం ఆగకుండా చెప్పింది. ఇంటిగ్రేషన్‌లో లిమిట్స్ మార్చడం మర్చిపోయానని, సర్ ఎర్ర గీత గీసి పంపారని, మళ్లీ చేశానని. ఆ సబ్జెక్టులో అసైన్‌మెంట్లు ఇస్తోందా అని అడిగితే, అన్నీ ఇచ్చానంది. మాకు వచ్చిన నోట్ వేరే అధ్యాపకుడు రాసింది కనుక ఈ సంగతి మాకు తెలియదు. ఆమె కూడా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, 'అది ఈజీ సబ్జెక్ట్ మేడం' అనేసింది. ఈజీ కాదు. ఆ సెమిస్టర్‌లో అందరూ భయపడేది దానికే.

ఆ ఒక్క క్లాసు ఎలా నడుస్తోందో వివరంగా చెప్పించుకున్నాను. వీడియో ఏమంత గొప్పది కాదు, మాట మధ్యలో తెగిపోతుంటుంది. కానీ అధ్యాపకుడు వారానికి మూడే లెక్కలు ఇస్తాడు. చేత్తో చేసి ఫోన్‌తో ఫోటో తీసి పంపాలి. ఒకటి రెండు రోజుల్లో ఒక గీతో, ఒక వాక్యమో తిరిగి వస్తుంది. ఒక్కోసారి అర నిమిషం వాయిస్ మెసేజ్: "రెండో స్టెప్ దాకా కరెక్ట్, అక్కడ గుర్తు చూసుకో."

ఒకే మనిషి, ఒకే ఇల్లు, అదే నెట్, అదే నిద్ర. ఒక సబ్జెక్టు నడుస్తోంది, మిగతావి ఆగిపోయాయి. కాబట్టి కారణం ఆమెలో వెతకాల్సినది కాదు. డిప్రెషనే మూలమైతే అది సబ్జెక్టును చూసి వదిలిపెట్టదు.

తరగతి గది ఆమెకు ఇంతకుముందు ఏం చేసిపెట్టేదో అడుగుతూ వెళ్తే బొమ్మ పూర్తయింది. రెండో వరుసలో ఇద్దరు స్నేహితురాళ్ల మధ్య కూర్చునేది. అర్థం కాకపోతే పక్కకు చూసేది. వాళ్ల ముఖాల్లోనూ అదే అయోమయం కనిపిస్తే 'సరే, ఇది కష్టమైనదే' అని ధైర్యం వచ్చేది. గొంతు తగ్గించి "ఇదెలా వచ్చిందే?" అని అడిగేది. క్లాసయ్యాక టీచర్ పుస్తకాలు సర్దుకుంటుంటే దగ్గరికెళ్లి ఒక్క నిమిషంలో తేల్చుకునేది. బోర్డు ముందున్న టీచర్ కూడా ఆ ముఖాలన్నీ చూసి "సరే, ఇంకోసారి చెబుతా" అనేవాడు. ఇందులో ఏదీ టైమ్‌టేబుల్‌లో ఉండదు, ఎవరూ దీన్ని బోధన అనరు. కానీ తాను ఎక్కడుందో ఆమెకు రోజూ తెలిసేది ఈ చిన్న దారుల గుండానే. వీడియో క్లాసు ఉపన్యాసాన్ని ఇంటికి తెచ్చింది, ఈ దారుల్ని తేలేదు. చాట్‌లో ప్రశ్న అడగొచ్చు నిజమే, కానీ అక్కడ ప్రశ్న పేరుతో సహా అందరి ముందూ పడుతుంది. పక్కవాళ్లను అడిగినంత గుట్టుగా అడిగే చోటు ఆన్‌లైన్‌లో లేదు.

దూరవిద్య పరిశోధకులకు ఇది కొత్త సంగతి కాదు. గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ 2000లోనే ఆన్‌లైన్ చదువుకు మూడు రకాల ఉనికి కావాలన్నారు: ఆలోచన సాగడం, తోటి మనుషులు ఉన్నారని అనిపించడం, నడిపించే టీచర్ ఉన్నాడని తెలియడం. ఈమెకు నడుస్తున్న ఒక్క సబ్జెక్టులో ఆ ఎర్ర గీతే మూడో పనిని చేసింది. దాని వెంట మొదటిది కూడా వచ్చింది.

"అందరికీ అర్థమవుతోంది, నాకే కావడం లేదు" అన్న ఆమె నమ్మకం కూడా ఇప్పుడు అర్థమైంది. ఆమె దగ్గర వేరే ఆధారమే లేదు. మ్యూట్‌లో ఉన్న నూట పాతిక పేర్లు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. దాన్ని తప్పుడు ఆలోచనగా సరిదిద్దే కౌన్సెలింగ్ పద్ధతులున్నాయి. ఇక్కడ అవి వాడలేదు. ఆధారం లేక వచ్చిన నమ్మకం ఆధారం దొరికితే పోతుంది.

పనిచేసినవి

ఆమె అనుమతితో, పరీక్షల టెన్షన్ గురించి గానీ స్కోరు గురించి గానీ ఒక్క ముక్క చెప్పకుండా, మిగతా సబ్జెక్టుల అధ్యాపకులతో మాట్లాడాం. ఆమెకు ప్రత్యేకంగా ఏదైనా చేయమని అడగలేదు. మినహాయింపు ఆమెను ఇంకా వేరు చేస్తుంది, గడువుల విషయంలో అది చూశాం. క్లాసంతటికీ వర్తించే రెండు చిన్న మార్పులు అడిగాం. మొదటిది, క్లాసు మధ్యలో ఒకసారి ఆగి పేర్లు కనిపించని పోల్ పెట్టడం: అర్థమైంది, సగం అర్థమైంది, కాలేదు. రెండోది, వారానికి రెండు లెక్కలు చేతిరాతతో తీసుకుని తిరిగి ఒక వాక్యం పంపడం.

రెండోదానికి వెంటనే అభ్యంతరం వచ్చింది, న్యాయమైనదే. క్లాసులో నూట ఇరవైకి పైగా ఉన్నారు, ఆ అధ్యాపకులూ ఇంట్లోంచే, పిల్లల మధ్యనో పెద్దల మధ్యనో పనిచేస్తున్నారు. అన్ని పేపర్లు వారం వారం దిద్దడం కుదిరే పని కాదు. నలుగురి చొప్పున గ్రూపులు చేసి గ్రూపుకొక పేపర్ తీసుకుందాం అన్నాం. నూట ఇరవై కాగితాలు ముప్పై అవుతాయి. ఇంకో లాభం కూడా ఉంది: జవాబు పంపేముందు నలుగురూ మాట్లాడుకోవాలి. పక్క సీటు అలా తిరిగి వస్తుంది. ఇద్దరు అధ్యాపకులు ఒప్పుకున్నారు, ఒకరు పోల్ ఒక్కటే పెడతానన్నారు, ఒకరు ఏదీ వద్దన్నారు. ఒప్పుకున్న చోట మొదలుపెట్టాం.

గ్రూపు కాల్ వీడియోలో పెట్టుకుంటామని పిల్లలు అన్నారు. ఆడియో చాలని పట్టుబట్టాం. సెకనుకు 1.5 మెగాబిట్ల వీడియోకు గంటకు దాదాపు 675 ఎంబీ అవుతుంది, 32 కిలోబిట్ల ఆడియోకు 15 ఎంబీ కూడా కాదు. ఫోన్ డేటా మీద బతికే విద్యార్థికి ఇది చదువు కొనసాగడమా ఆగడమా అన్నంత తేడా. అదీకాక లెక్క చేసేటప్పుడు చూడాల్సింది కాగితాన్ని, ముఖాన్ని కాదు. కాగితం ఫోటో తీసి పంపుకుంటే సరిపోతుంది.

మొదటి పోల్ రోజే పెద్ద మార్పు వచ్చింది. క్లాసులో సగానికి పైగా 'సగం అర్థమైంది' లేదా 'కాలేదు' నొక్కారు. అధ్యాపకుడు ఆ భాగం మళ్లీ చెప్పారు. ఆ సాయంత్రం ఆమె తనంతట తాను మెసేజ్ పెట్టింది, ఆ మాట చెప్పడానికే. నేను ఎన్నిసార్లు "నీకొక్కదానికే కాదు" అన్నా నమ్మని మనిషి ఆ ఒక్క గ్రాఫ్ చూసి నమ్మింది.

రికార్డింగ్‌ల వాడకం తిరగేశాం. ముందు లెక్క చేయాలి, ఎక్కడ ఆగితే ఆ చోటు మాత్రమే రికార్డింగ్‌లో వెతకాలి. స్లైడ్‌లు నోట్‌బుక్‌లోకి ఎక్కించడం మానేయాలి. దీనికి ఆమె తేలిగ్గా ఒప్పుకోలేదు. అందమైన నోట్స్ ఆమెకు మిగిలిన ఒకే ఒక్క రుజువు, తాను చదువుతున్నానని. దిద్దిన పేపర్లు రెండు మూడు చేతికొచ్చాకే ఆ పట్టు సడలింది. అందుకే ఈ మార్పును ముందు పెట్టకుండా రెండో అడుగులో పెట్టాం.

పేరుకుపోయిన బ్యాక్‌లాగ్ విషయంలో కఠినంగా ఎంచాం. అన్నీ పూర్తిచేయాలన్న లక్ష్యమే ఆమెను కదలనివ్వలేదు. అధ్యాపకుల సాయంతో, ముందు రాబోయే యూనిట్లకు పునాది అయినవి ఏవో గుర్తించి, అవి మాత్రం చేయాలనుకున్నాం. మిగతా రికార్డింగ్‌లను జాబితాలోంచి తీసేయమన్నాను. తీసేసిన రోజు చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత నిద్రపోయిందని చెప్పింది.

పరీక్ష భయానికి ధైర్యం చెప్పడం వల్ల ప్రయోజనం లేదని ముందే అనుకున్నాం, ఎందుకంటే అది వట్టి భయం కాదు. నెట్ నిజంగానే పోతుంది, గదిలోకి మనుషులు నిజంగానే వస్తారు. పరీక్షల విభాగాన్ని అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించాం: నెట్ పోతే ఏ నంబర్‌కు కాల్ చేయాలి, ఎంతసేపటిలోపు, అప్పటిదాకా రాసినదానికి ఏ ఆధారం చూపాలి, కెమెరాలో ఇంకో మనిషి కనిపిస్తే తుది నిర్ణయం సాఫ్ట్‌వేర్‌దా మనిషిదా. మనిషే చూసి నిర్ణయిస్తారని, విద్యార్థిని అడగకుండా శిక్ష ఉండదని స్పష్టంగా వచ్చింది. ఆ కాగితాన్ని క్లాసంతటికీ పంపమని కోరాం, పంపారు. పరీక్షకు ముందు ఒక ఉత్తుత్తి పరీక్ష పెట్టించాం. అందులో కావాలనే మధ్యలో నెట్ ఆపేసి మళ్లీ కలవమన్నాం. ఒకసారి తెగి మళ్లీ కలిశాక ఆ భయం చాలా తగ్గింది. ఒక సబ్జెక్టులో అధ్యాపకుడు ఇంకా ముందుకెళ్లి నిఘా పరీక్ష తీసేసి, పుస్తకం చూసి రాసే పేపర్, దాని మీద పది నిమిషాల వైవా పెట్టారు.

సెమిస్టర్ ముగిసేసరికి ఒక్కటి తప్ప అన్ని సబ్జెక్టులూ పాసైంది. మిగిలింది ఏ మార్పూ వద్దన్న అధ్యాపకుడిది. మళ్లీ చూసిన పీహెచ్‌క్యూ-9 స్కోరు తేలికపాటి పరిధిలోకి, అంటే 10 లోపుకి వచ్చింది. ఇదంతా మా జోక్యం వల్లేనని అనలేం. ఆలోగా ఇంట్లో ఆమెకు విడిగా కూర్చునే చోటు దొరికింది, అదీ సాయపడి ఉంటుంది. కానీ కదలిక మొదలైన క్రమం గమనించదగ్గది: ముందు దిద్దిన పేపర్లు, తర్వాత అసైన్‌మెంట్లు, ఆ తర్వాత నిద్ర, అన్నిటికన్నా ఆఖరున మనసు.

తేలనిది

ల్యాబ్ సమస్యకు పరిష్కారం దొరకలేదు. రెడీమేడ్ రీడింగ్‌లు ఇచ్చి గ్రాఫ్‌లు వేయించారు. దానితో విశ్లేషణ వస్తుంది, చేతికి పరికరం అలవాటు కాదు. "ఈ డిగ్రీని ఎవరైనా నమ్ముతారా" అన్న ప్రశ్నకు నమ్ముతారని నేను హామీ ఇవ్వలేదు, ఇవ్వగలిగే స్థితిలో లేను. క్యాంపస్ తెరిచాక వదిలేసిన ప్రయోగాలు చేసుకునే అవకాశం కావాలని డిపార్ట్‌మెంట్‌కు రాయడంలో ఆమెకూ, ఇంకొందరికీ సాయం చేశాను. తెరిచాక కొన్ని ప్రయోగాలకు అవకాశం ఇచ్చారు, అన్నిటికీ కాదు.

ఈ కేసు నుంచి మా పనిలోకి వచ్చినవి

చదువు ఆగిన విద్యార్థి వస్తే ఇప్పుడు మేం మొదటి సంభాషణలోనే సబ్జెక్టుల వారీగా అడుగుతాం. ఏదైనా ఒక్కటి నడుస్తోందా? నడుస్తుంటే అక్కడ ఏం వేరుగా ఉంది? విద్యార్థులు ఆగిపోయినవాటి గురించే చెబుతారు, పంపిన అధ్యాపకుడూ తన సబ్జెక్టు గురించే రాస్తాడు. నడుస్తున్నది ఎవరి కంటా పడదు. కారణం మాత్రం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

హాజరును లాగిన్‌తో లెక్కపెట్టడం మీద నా అభిప్రాయం గట్టిపడింది. ఆ పద్ధతిలో ఈ విద్యార్థిని సెమిస్టర్ చివరిదాకా ఆదర్శ విద్యార్థినిగానే కనిపించేది. ఒక అధ్యాపకుడు అసైన్‌మెంట్లు కూడా చూశాడు గనుక బయటపడింది. వరుసగా రెండు వారాలు ఏ పనీ పంపనివారి పేర్లు డిపార్ట్‌మెంట్ నుంచి మాకు రావాలని అడిగాం. లాగిన్ జాబితాకన్నా అది ముందే హెచ్చరిస్తుంది.

కౌన్సెలర్ గది దాటి అధ్యాపకులతో మాట్లాడటం మన పనేనా అని సహోద్యోగులు అడిగారు. ఈ కేసులో అదే అసలు చికిత్స అనుకుంటున్నాను. బోధన ఏర్పాటులో ఉన్న ఖాళీని విద్యార్థి మనసులోని లోపంగా మోయమనడం అన్యాయం. అయితే ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నది పూర్తిగా విద్యార్థి నిర్ణయం. ఈ మార్పులు అడిగేటప్పుడు తన పేరు చెప్పడానికి ఈమె మొదట ఒప్పుకోలేదు. క్లాసంతటికీ వర్తించే మార్పు అడగాలన్న ఆలోచన ఆ పరిమితి నుంచే పుట్టింది. పేరు చెప్పి ఉంటే బహుశా మళ్లీ ఇంకో మినహాయింపుతో సరిపెట్టేవాళ్లం.

ఒక హెచ్చరిక. ఈ క్రమాన్ని అన్ని కేసులకూ వాడకూడదు. ఏ సబ్జెక్టూ నడవకపోతే, ఇష్టమైన పనులు కూడా వదిలేస్తే, పీహెచ్‌క్యూ-9 తొమ్మిదో ప్రశ్నకు జవాబు 'లేదు' తప్ప ఇంకేదైనా అయితే, ఇంట్లో భద్రత లేదని తోస్తే, బోధన సర్దుబాటు రెండో పని అవుతుంది. ముందు విద్యార్థి నిర్భయంగా మాట్లాడగల వేళ, దారి ఖాయం చేసుకోవాలి, సైకియాట్రిస్ట్‌ను ఆ రోజే కలపాలి, మనం మళ్లీ ఎప్పుడు కాల్ చేస్తామో చెప్పి ఆ సమయానికే చేయాలి.